రోజూ ఐతారమే అయితే ఐతారం ఏది? పదవీ విరమణ తరువాత చిన్న ఆనందాల లెక్క

వరంగల్ ప్రాంతంలో ఏ సర్కారు బడిలోనో, తహశీల్దారు కార్యాలయంలోనో పదవీ విరమణ సభ జరిగినప్పుడు, శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక చేతికిచ్చిన తరువాత ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇగ మీకేంది సారూ, రోజూ ఐతారమే!" సభ నవ్వుతుంది, సారూ నవ్వుతారు. ఆరు నెలల తరువాత అదే సారును హన్మకొండ చౌరస్తాలో పలకరిస్తే "పొద్దు పోతలేదు" అన్న జవాబు రావడమూ అంతే మామూలు. ఆదివారాలు ఒక్కసారిగా ఏడింతలైన మనిషికి ఆదివారపు రుచి ఎందుకు తగ్గిందన్నది పైకి కనిపించేంత తేలిక ప్రశ్న కాదు.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపించడానికి కారణం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో తన ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 61 ఏళ్లకు పెంచింది. బొగ్గు గనుల సంస్థ సింగరేణి కూడా అదే ఏడాది 61కి మార్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో మూడేళ్ల పాటు దాదాపు ఆగిపోయిన విరమణల వరుస 2024 మార్చి నెలాఖరు నుంచి తిరిగి మొదలైంది. అప్పటి నుంచి నెలనెలా ఇళ్లకు చేరుతున్నవారందరికీ ఫోనులో ఒకే రకమైన సుప్రభాత సందేశం వస్తోంది: చిన్న చిన్న ఆనందాలను ఆస్వాదించండి. మాట మంచిదే గానీ, అందులో నాలుగైదు వేర్వేరు సంగతులు ఒకే మూటలో కట్టి ఉన్నాయి.

ఒకే పేరుతో పిలిచే మూడు వేర్వేరు సుఖాలు

పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే నీటి మీదుగా వచ్చే చల్లగాలి ఒంటికి తగలడం ఒక రకం సుఖం. అది ఇంద్రియాలకు సంబంధించినది, ఆ క్షణంలోనే ఉండి పోతుంది. నడక ముగించి రోజూ కూర్చునే బల్ల మీదనే కూర్చుని, రోజూ చదివే పత్రికను చివరి పేజీ నుంచి మొదలుపెట్టడం రెండో రకం. ఇందులో కొత్తదనం ఏమీ లేదు, లేకపోవడమే దాని హాయి. అదే బల్ల మీద పక్కన కూర్చునే పాత సహోద్యోగి "ఏం సారూ, నిన్న రాలేదు?" అని అడగడం మూడో రకం. ఇది పూర్తిగా మరొక మనిషి మీద ఆధారపడినది. ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయిన రోజున, చెరువూ బల్లా పత్రికా అక్కడే ఉన్నా, ఇది మాత్రం ఉండదు. ఈ మూడింటినీ మనం ఒకే పేరుతో పిలుస్తాం కాబట్టి, ఒకటి తగ్గితే మూడూ తగ్గినట్టు అనిపిస్తుంది.

ఇక్కడ రెండు పారిభాషిక పదాలు అవసరం. జరుగుతున్న సుఖాన్ని గమనించి దాన్ని కాస్త నిలుపుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆస్వాదన అంటారు. ఈ విషయంపై విస్తృతంగా పనిచేసిన ఫ్రెడ్ బ్రయంట్, జోసెఫ్ వెరాఫ్ అది మూడు కాలాల్లోనూ జరుగుతుందని వివరించారు: రాబోయేదాని కోసం ఎదురుచూడటం, జరుగుతున్నప్పుడు అనుభవించడం, జరిగిపోయినదాన్ని తలచుకోవడం. రెండో పదం అలవాటుపడటం. మంచి గానీ చెడు గానీ, ఏ మార్పు వల్ల కలిగిన భావమైనా కాలక్రమేణా మొద్దుబారి, మనిషి తన పాత స్థాయికి దగ్గరగా చేరుకోవడాన్ని అలా అంటారు. మొదటిది సుఖాన్ని పట్టి ఉంచుతుంది, రెండోది అరగదీస్తుంది. విరమణ తరువాతి జీవితంలో ఈ రెండూ ఏకకాలంలో పనిచేస్తాయి.

ఆరు రోజుల పని లేని ఆదివారం

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారం రుచి ఆ రోజులోనే ఉందనుకుంటాం. నిజానికి శనివారం సాయంత్రానికే అది మొదలయ్యేది. అంటే ఆస్వాదనలో ఎదురుచూపు భాగం అప్పటికే నడుస్తూ ఉండేది. ఆలస్యంగా లేవడంలోని హాయికి అర్థం కల్పించింది మిగిలిన ఆరు రోజుల అలారం. అలారం పోయాక ఆలస్యంగా లేవడం ఒక దినచర్య మాత్రమే.

అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. లాటరీ గెలిచిన 22 మందిని, గెలవని సాధారణ వ్యక్తులతో పోల్చినప్పుడు, గెలిచినవారు అంతకన్నా గణనీయంగా సంతోషంగా లేకపోగా, స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున ఫలహారం చేయడం, హాస్యం విని నవ్వడం వంటి మామూలు పనుల్లో తక్కువ ఆనందం పొందుతున్నట్టు తేలింది. భవిష్యనిధి, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులుగా ముందే తీసుకునే మొత్తం) సొమ్ము ఒకేసారి ఖాతాలో పడిన ఇళ్లలోనూ ఈ పోలిక గుర్తుకు రాకమానదు. అయితే 22 మంది అంటే చాలా చిన్న సంఖ్య. స్వీడన్‌లో లాటరీ విజేతలపై 2020లో వెలువడిన చాలా పెద్ద అధ్యయనంలో, పెద్దమొత్తం గెలిచినవారిలో జీవితం పట్ల సంతృప్తి ఏళ్ల తరబడి హెచ్చుగానే ఉన్నదని, కానీ సంతోషం మీద ఆ ప్రభావం చాలా తక్కువని తేలింది. సంతృప్తి అంటే మొత్తం జీవితాన్ని వెనుదిరిగి చూసి వేసే మార్కు. సంతోషం అంటే మనసు ఎలా ఉందన్న సంగతి. రెండూ వేరని గుర్తుంచుకుంటే, "పింఛను వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు, ఏ లోటూ లేదు, అయినా పొద్దు పోవడం లేదు" అన్న మాటలో పరస్పర విరోధం ఏమీ కనిపించదు.

అలవాటు వల్ల మొద్దుబారిన రుచి ఎడం వల్ల తిరిగి పదునెక్కుతుందని కూడా పరిశోధన చెబుతోంది. జోర్డీ క్వాయిద్‌బాక్, ఎలిజబెత్ డన్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో, వారం పాటు చాక్లెట్ మానేసినవారు ఆ తరువాత దాన్ని, మానకుండా తిన్నవారికన్నా ఎక్కువగా ఆస్వాదించారు. ఈ సంగతి నిరూపించడానికి మన ప్రాంతంలో ప్రయోగశాల అక్కరలేదేమో. వానలు పడ్డాక రోడ్డు పక్క బొగ్గుల మీద కాలే మక్కకంకి, బతుకమ్మ నాళ్లకు వచ్చే సీతాఫలం, సంక్రాంతికి చుట్టే సకినాలు, వేసవిలో తాటి ముంజలు, చెట్టు చిగిర్చిన కొద్ది వారాలు మాత్రమే దొరికే చింతచిగురు, ఇవన్నీ తమ ఎడాన్ని తామే వెంట తెచ్చుకుంటాయి. వారానికి ఆదివారం పోయినవారికి కూడా ఏడాదికి ఋతువులు మిగిలే ఉంటాయి. ఫ్రిజ్‌లో ఏడాది పొడవునా దొరికే మక్కగింజల ప్యాకెట్‌ది సౌకర్యమే గానీ, ఆ ఎదురుచూపు దానికి లేదు.

చేదు తీపి అయ్యే పనులు

ఇంతటితో ఆగితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ప్రతి సుఖమూ వాడకంతో అరిగిపోదు. మన భాషలోనే రెండు సామెతలు ఈ విషయంలో తగవులాడుకుంటాయి. అతి పరిచయం వల్ల చులకన కలుగుతుందని ఒకటి, తినగ తినగ వేప తియ్యనవుతుందని మరొకటి. రెండూ నిజమే, వేర్వేరు వస్తువుల గురించి. మిఠాయి, కొత్త టీవీ, మెత్తని పరుపు మొదటి సామెత కిందికి వస్తాయి. రాగం పట్టడం, పద్యం కంఠస్థం చేయడం, మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పెంచడం, పేరు తెలియని పిట్టను నెలల తరబడి గమనించి చివరికి గుర్తుపట్టడం రెండోదాని కిందికి వస్తాయి. వీటిలో తెలివిడి పెరిగిన కొద్దీ చూడటానికి మరింత కనిపిస్తుంది. మొదట్లో ఇవి సుఖంగా ఉండవు. సంగీతం నేర్చుకునే ఇంట్లో మొదటి మూడు నెలలు పక్కింటివారికి కూడా సుఖం ఉండదు. విరమణ పొందిన కొత్తలో చిన్న ఆనందం కోసం చెట్టు నాటిన మనిషి నిరాశపడేది ఈ రెండు రకాల సుఖాల తేడా తెలియకనే.

వృత్తిని బట్టి కూడా లెక్క మారుతుంది. కాజీపేటలో ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన రైలు డ్రైవరుకు వరుసగా ఏడు రాత్రులు తన మంచం మీద నిద్రపోవడమే అపురూపం. భూపాలపల్లిలో భూగర్భ గనిలో దిగిన కార్మికుడికి పగటి ఎండలో కూర్చోవడం కూడా అలాంటిదే. బడిలో గంటకు గంట కొట్టే లెక్కన బతికిన ఉపాధ్యాయుడికి లేనిదల్లా ఆ గంటే.

మిగిలిన ఏడు గంటలు: మరియెంతాల్ పాఠం

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఉదయం తొమ్మిదికి ఇల్లు వదిలి సాయంత్రం ఏడుకు చేరే ఉద్యోగికి విరమణతో రోజుకు 10 గంటలు ఖాళీ అవుతాయి. వారానికి ఆరు పనిదినాలు, సెలవులు పోను ఏడాదికి 48 వారాలు అనుకుంటే అవి 2,880 గంటలు. కట్ట మీద నడక ఒక గంట, పత్రిక ఒక గంట, టీ దగ్గర మిత్రులతో ముచ్చట ఒక గంట తీసేసినా రోజుకు ఏడు గంటలు, అంటే ఏడాదికి రెండు వేల గంటలకు పైగా మిగులుతాయి. చిన్న ఆనందం స్వభావరీత్యా పొట్టిది. ఖాళీని నింపడం కోసం దాన్ని సాగదీస్తే, పదినిమిషాల టీ గంటన్నర అవుతుంది, రుచి మాత్రం పదినిమిషాలదే.

ఉద్యోగం జీతంతో పాటు కంటికి కనబడని వేరే సరుకులు కూడా ఇస్తుందని చెప్పినవారు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త మరీ యహోదా. రోజుకు ఒక చట్రం, ఇంటి బయటి మనుషులతో కలయిక, పదిమందితో కలిసి ఒక లక్ష్యం, సంఘంలో గుర్తింపు, తప్పనిసరిగా చేయవలసిన పని, ఇవి ఐదూ ఆమె పేర్కొన్నవి. ఆమె ఆలోచనకు మూలం ఆస్ట్రియాలోని మరియెంతాల్ అనే ఊరు. ఆ ఊరికి బతుకుతెరువైన బట్టల మిల్లు 1930 నాటికి మూతపడింది. ఆమె, సహచరులు చేసిన అధ్యయనం 1933లో వెలువడింది. చేతినిండా సమయం దొరికిన ఊరివాళ్లు మరింత చదివి ఉంటారని ఎవరైనా అనుకుంటారు. కానీ అరువు రుసుము ఎత్తేసినా, గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య 1929 నుంచి 1931 నాటికి దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ ఆగేవారు, చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. ఆడవాళ్లు మాత్రం వేగంగానే నడిచేవారు, వాళ్లకు ఇంటిపని అలాగే ఉంది కనుక.

వరంగల్ వాసులకు ఈ కథ వినగానే ఆజంజాహీ మిల్లు గుర్తుకు వస్తుంది. 1934లో మొదలై, తరాల పాటు నగరానికి సైరన్‌తో సమయం చెప్పిన ఆ మిల్లు మూతపడినప్పుడు, విరమణ వయసు రాకుండానే విరమణ పొందినవారు ఎందరో. మరియెంతాల్‌లోనిది నిరుద్యోగం, పింఛను ఉన్న విరమణ వేరు. తిండికి భయం లేని మనిషికీ, రేపటి బియ్యం గురించి ఆలోచించే మనిషికీ ఒకే సూత్రం వర్తించదు. అయినా చదివే తీరిక దొరకడం వేరు, చదవాలనిపించడం వేరు అన్న సంగతి రెండు చోట్లా నిలుస్తుంది. 1904లో హన్మకొండలో వెలసిన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాన్ని ఈ కోణంలో చూస్తే, అది పుస్తకాలతో పాటు తెరిచే వేళను, మూసే వేళను, ఎదుటి కుర్చీలో మరో మనిషిని కూడా ఇస్తుంది.

కాశీ యాత్రా, కట్ట మీది టీనా?

దంపతులిద్దరూ పది రోజుల కాశీ ప్రయాణానికి 60,000 రూపాయలు ఖర్చు చేశారనుకుందాం. అదే దంపతులు రోజూ సాయంత్రం కట్ట దగ్గర చెరొక టీ తాగితే, కప్పు 10 రూపాయల చొప్పున ఏడాదికి 7,300 రూపాయలు. ఒక కాశీకి ఎనిమిదేళ్ల టీ వస్తుంది. (చక్కెర వేసినదా, వేయనిదా అన్నది షుగర్ ఉన్న ఇళ్లలో వేరే చర్చ.) సంతోషాన్ని నిర్ణయించేది సుఖాల తీవ్రతకన్నా అవి ఎంత తరచుగా వస్తాయన్నదేనని 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు వాదించారు. ఆ తూకంలో టీదే పైచేయి. కానీ జ్ఞాపకం వేరే తూకం వాడుతుంది. మూడు వేల టీలలో ఏ ఒక్కటీ విడిగా గుర్తుండదు, గంగలో మునక గుర్తుంటుంది. ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి సాగే సన్నాహం, తిరిగొచ్చాక చుట్టాలకు చెప్పే కబుర్లు కూడా కాశీ ఖాతాలోకే వస్తాయి. 2020 మార్చిలో వృద్ధులకు రైల్వే రాయితీ నిలిచిపోవడంతో ఆ ఖాతా ఖర్చు మాత్రం పెరిగింది.

ఈ రెండింటిలో ఏది మేలన్నది వయసును బట్టి కూడా మారుతుందని అమిత్ భట్టాచార్జీ, క్యాసీ మొగిల్నర్ 2014లో చూపారు. అపురూపమైన అనుభవాలు చిన్నా పెద్దా అందరికీ ఆనందమిస్తాయి, మామూలు అనుభవాల నుంచి దొరికే ఆనందం మాత్రం వయసుతో పెరుగుతుంది. దీనికి మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సన్ సిద్ధాంతం ఒక వివరణ ఇస్తుంది. ముందున్న కాలం కొద్దిగానే మిగిలిందని తోచినప్పుడు మనిషి కొత్త పరిచయాలను తగ్గించి, మనసుకు దగ్గరైనవాటి వైపు మొగ్గుతాడు. విరమణ 61 ఏళ్లకే జరుగుతుండగా ఇరవై ఏళ్ల జీవితం ముందుందని నమ్మే మనిషికి ఈ మొగ్గు ఇంకా మొదలై ఉండకపోవచ్చు. "ఇంకేం కావాలి, మనవడిని ఆడించుకోండి" అన్న మాట కొందరికి చివుక్కుమనిపించడానికి ఇదొక కారణం.

వెనక్కి తగ్గాలా, కొనసాగాలా అన్న ఈ చర్చ శాస్త్రంలోనూ పాతదే. ఎలైన్ కమింగ్, విలియం హెన్రీ 1961లో వృద్ధాప్యంలో మనిషి, సమాజం ఒకరి నుంచి ఒకరు మెల్లగా తప్పుకోవడం సహజమన్నారు. మన వానప్రస్థ భావనకు అది కొంత దగ్గరగా కనిపిస్తుంది. రాబర్ట్ హావిగ్‌హర్స్ట్ చురుకుగా ఉండటంలోనే సంతృప్తి ఉందన్నారు. రాబర్ట్ ఆచ్లీ 1989లో, మనుషులు తమ పాత అలవాట్లను, స్వభావాన్ని ఏదో రూపంలో కొనసాగించుకుంటారని మధ్యేమార్గం సూచించారు. లెక్కల సారు కాలనీ సంఘం జమాఖర్చులు రాయడం, ఆర్టీసీలో కండక్టరుగా చేసినాయన పెళ్లి బస్సులో అందరినీ లెక్కపెట్టడం చూసినవారికి ఆచ్లీ మాట నమ్మడం తేలిక.

ఒక్క హెచ్చరిక మాత్రం ఈ చర్చలన్నిటికీ బయట ఉంది. ఇష్టమైన తిండి, మనుషులు, పాటలు ఏవీ రుచించకుండా "ఏం బుద్ధయితలేదు" అన్న స్థితి రెండు వారాలకు మించి కొనసాగితే, వైద్యులు దాన్ని కుంగుబాటుకు ముఖ్య లక్షణాల్లో ఒకటిగా చూస్తారు. అక్కడ లోపం ఆస్వాదించే ప్రయత్నంలో లేదు.

టీకి పది రూపాయలు ఎవరికి చిన్న ఖర్చు?

రోజుకు రెండు టీలు, నెలకు 600 రూపాయలు. నెలకు 40,000 పింఛను వచ్చే విశ్రాంత ఉపాధ్యాయుడికి అది ఒకటిన్నర శాతం. ఆసరా వృద్ధాప్య పింఛను 2,016 రూపాయల మీద బతికే అవ్వకు దాదాపు 30 శాతం. ప్రైవేటు సంస్థలో పనిచేసి, 2014 సెప్టెంబరు నుంచి అమలైన 1,000 రూపాయల కనీస ఉద్యోగ పింఛను అందుకునే కార్మికుడికి 60 శాతం. టీ ఒకటే, దాని చిన్నతనం మాత్రం ముగ్గురికి మూడు రకాలు. ఎవుసం చేసేవారికి, సిరిసిల్లలో మగ్గం నడిపేవారికి, బీడీలు చుట్టేవారికి విరమణ తేదీ అన్నదే ఉండదు. చేతులు ఆగిన రోజే వాళ్ల విరమణ.

చిన్న ఆనందాల బోధ మీద అత్యంత బలమైన అభ్యంతరం ఇక్కడి నుంచే వచ్చింది. దీర్ఘకాలం లేమిలో బతికిన మనిషి తన కోరికలను కుదించుకుని, దొరికిన కొద్దిపాటి కరుణకే సంతోషపడటం నేర్చుకుంటాడని, అందువల్ల అతని సంతోషాన్ని చూసి అతని బతుకు బాగుందని తేల్చకూడదని అమర్త్య సేన్ వాదించారు. విరమణ బకాయిలు చేతికి అందక రాష్ట్రంలో విశ్రాంత ఉద్యోగులు ధర్నాలకు దిగిన కాలంలో, వాళ్లకు సూర్యోదయాన్ని చూసి ఆనందించమని చెప్పడం ఎలా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. ఎదుటి పక్షం జవాబు కూడా కొట్టిపారేయదగినది కాదు. బకాయి కోసం కొట్లాడే మనిషి సాయంత్రం మిత్రుడితో నవ్వితే కొట్లాట బలహీనపడదు. తక్కువతో సంతోషించగలగడం, తక్కువే చాలనడం రెండూ ఒకటి కావు. నా మట్టుకు నాకు సేన్ అభ్యంతరం సలహా ఇచ్చేవారికి వర్తిస్తుందని, టీ తాగేవారికి వర్తించదని అనిపిస్తుంది.

ఆ ఆదివారం ఎవరిది?

2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చించారు. భర్తకు విరమణ వచ్చిన ఇంట్లో ఈ లెక్క తగ్గవచ్చు, పెరగనూవచ్చు. కూరగాయల మార్కెట్‌కు వెళ్లడం, మనవరాలిని బడికి దింపడం వంటివి ఆయన తీసుకుంటే తగ్గుతుంది. పదింటికి డబ్బా కట్టి పంపితే మధ్యాహ్నం దాకా తనదిగా ఉండిన ఇల్లు, ఇప్పుడు పదకొండింటికి టీ, ఒంటిగంటకు వేడన్నం, నాలుగింటికి మళ్లీ టీ అడిగే ఇల్లైతే పెరుగుతుంది. ఉద్యోగం చేసి తానే విరమణ పొందిన స్త్రీ విషయంలో కార్యాలయం పని మాత్రమే ఆగుతుంది, వంటిల్లు ఆగదు. పిల్లలు అమెరికాలో ఉంటే, పురుడు పోయడానికి, పసిపాపను చూసుకోవడానికి ఆరు నెలలకు వెళ్లేదీ ఎక్కువగా ఆమెనే. అది ఆమెకు ఆనందమా, చాకిరా అని అడిగితే ఒకే వాక్యంలో రెండూ వస్తాయి.

ఈ లెక్కకు ఇంకో పక్క కూడా ఉంది. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తరువాత, వేములవాడకో కొమురవెల్లికో, ఏ పెళ్లీ పేరంటమూ లేకుండా అక్క ఇంటికో బయలుదేరే అరవై దాటిన స్త్రీలు ఎందరో. కొడుకునో భర్తనో బస్సు కిరాయి అడగకుండా ఇంటి గడప దాటడం వాళ్లలో చాలామందికి కొత్త అనుభవం.

వీడ్కోలు సభలో సారు పక్కనే వేదిక మీద మేడంను కూడా కూర్చోబెట్టి, ఆమెకూ ఒక దండ వేస్తారు. ఉద్యోగం ఉన్నంత కాలం ఆ ఇంట్లో ఆదివారమంటే పిల్లలకు తలస్నానాలు, వారం బట్టలు, మటన్ తెచ్చి ఇచ్చి పత్రిక ముందు కూర్చున్న సారు, మధ్యాహ్నానికి చెప్పకుండా వచ్చే చుట్టాలు, మూడింటి దాకా ఆరని పొయ్యి. "రోజూ ఐతారమే" అన్న మాటకు సభంతా చప్పట్లు కొడుతున్నప్పుడు, ఆ మాట వింటున్నది ఆమె కూడా.